కుదుపుల్లో ఏ విమానం బెస్ట్? స్పెక్స్ షీట్‌లో కనిపించని ఆ ఒక్క నంబర్

కొత్త ఫోన్ కొనాలంటే మనం ఏం చేస్తాం? ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, కెమెరాకి ఓఐఎస్ ఉందా లేదా, ఐపీ రేటింగ్ ఎంత... అన్నీ పక్కపక్కన పెట్టి వారం రోజులు పోల్చి చూస్తాం. ముప్పై వేల ఫోన్‌కే ఇంత రీసెర్చ్ చేసే మనం, లక్ష పైన పెట్టి టికెట్ కొని పద్నాలుగు గంటలు కూర్చునే విమానం దగ్గరికొచ్చేసరికి రేటు, లేఓవర్, లగేజీ ఎన్ని కిలోలు అన్న మూడు విషయాల దగ్గరే ఆగిపోతాం. ఏ మోడల్ విమానం ఎక్కబోతున్నామో బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసేవాళ్లు తక్కువ.

మరి అది 777 అయితే ఎలా ఉంటుంది? 787 అయితే? ఏ350, ఏ380 అయితే? సముద్రం మీద అర్ధరాత్రి విమానం ఊగడం మొదలైతే వీటిలో ఏది తక్కువ కుదుపుతుంది? ఎందుకు? ఈ ఆర్టికల్‌లో ఫోన్లను పోల్చినట్టే వీటిని కూడా స్పెక్ బై స్పెక్ పోల్చి చూద్దాం. చివర్లో వర్డిక్ట్ కూడా ఉంటుంది. కాకపోతే అది మీరు అనుకుంటున్న వర్డిక్ట్ కాకపోవచ్చు.

ముందు బేసిక్స్: అసలు కుదుపు అంటే ఏంటి?

"ఎయిర్ పాకెట్‌లో పడింది" అని చాలామంది అంటుంటారు. నిజానికి గాలిలో గుంతలేమీ ఉండవు. జరిగేది వేరు.

లాంగ్ హాల్ విమానం క్రూజ్‌లో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అంటే సెకనుకి దాదాపు 250 మీటర్లు. ఆ వేగంలో ఎదురుగాలి రెక్కను రెండు మూడు డిగ్రీల కోణంలో తాకుతుంది. విమానాన్ని పైన నిలబెట్టే లిఫ్ట్ ఎంత అనేది ఈ చిన్న కోణం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు దారిలో ఒకచోట గాలి కింది నుంచి పైకి సెకనుకి 5 మీటర్ల వేగంతో లేస్తోంది అనుకుందాం. 250 ముందు 5 ఎంత? చాలా తక్కువే. కానీ లెక్క వేస్తే రెక్కను గాలి తాకే కోణం ఒక డిగ్రీ పైగా మారిపోతుంది. ఉన్నదే రెండు మూడు డిగ్రీలు కదా, అందులో ఒక డిగ్రీ మారితే లిఫ్ట్ ఒక్కసారిగా ఐదో వంతు వరకూ పెరగొచ్చు. విమానం పైకి తన్నుకుంటుంది. ఆ గాలి దాటగానే మళ్లీ కిందికి జారుతుంది. ఇలా వరసగా జరిగితే మనం దాన్ని టర్బులెన్స్ అంటాం.

దీన్ని కొలిచే యూనిట్ జీ. మనం ఇంట్లో కూర్చున్నప్పుడు మన మీద ఉండేది 1 జీ. అది 0 అయితే తేలిపోతాం. మైనస్‌లోకి వెళ్తే సీలింగ్ వైపు పడిపోతాం. మామూలు 1 జీ నుంచి తేడా 0.5 జీ దాటితే ఓ మోస్తరు కుదుపు అంటే మోడరేట్ అనీ, 1 జీ దాటితే సివియర్ అనీ స్థూలంగా లెక్క. "అబ్బో, దారుణంగా ఊగింది" అని మనం చెప్పుకునే చాలా ప్రయాణాలు నిజానికి 0.2, 0.3 దగ్గరే ఉంటాయి.

స్పెక్ 1: వింగ్ లోడింగ్

విమానం బరువుని రెక్కల విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. ఒక్కో చదరపు మీటరు రెక్క ఎన్ని కిలోలు మోస్తోంది అన్నమాట. ఇది ఎక్కువగా ఉంటే గాలి తాకిడికి విమానం తక్కువ కదులుతుంది. రోడ్డు మీద ఎదురుగాలికి ఖాళీ లారీ ఊగినట్టు లోడ్ లారీ ఊగదు కదా, అలాగే.

టేకాఫ్‌కి అనుమతించే గరిష్ఠ బరువుతో లెక్కేస్తే సుమారుగా ఇలా వస్తుంది:

• బోయింగ్ 777-300ఈఆర్: 351 టన్నులు, 437 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి సుమారు 800 కిలోలు.
• ఎయిర్‌బస్ ఏ380: 575 టన్నులు, 845 చదరపు మీటర్లు. సుమారు 680 కిలోలు.
• బోయింగ్ 787-9: 254 టన్నులు, 377 చదరపు మీటర్లు. సుమారు 670 కిలోలు.
• ఎయిర్‌బస్ ఏ350-900: 280 టన్నులు, 442 చదరపు మీటర్లు. సుమారు 630 కిలోలు.
• పోలిక కోసం మన డొమెస్టిక్ ఏ320: 78 టన్నులు, 122 చదరపు మీటర్లు. సుమారు 640 కిలోలు.

ఈ ఒక్క నంబర్ చూస్తే 777-300ఈఆర్ విన్నర్. కానీ ఒక ట్విస్ట్ ఉంది. ఈ లెక్క టేకాఫ్ సమయానిది మాత్రమే. 777-300ఈఆర్ గంటకి సుమారు 7 నుంచి 8 టన్నుల ఇంధనం కాలుస్తుంది. పది గంటలు ఎగిరేసరికి 70 టన్నులకి పైగా బరువు తగ్గిపోతుంది. అంటే అదే విమానం, అదే రెక్క, కానీ ప్రయాణం చివర్లో అదే గాలి తాకిడికి ఇంకాస్త ఎక్కువ కదులుతుంది. షార్ట్ ఫ్లైట్‌లో ఈ తేడా పెద్దగా ఉండదు. లాంగ్ హాల్‌లో తప్పకుండా ఉంటుంది.

ఇంకో విషయం గమనించారా? ఏ350, ఏ320 నంబర్లు దాదాపు ఒకటే. కానీ రెండూ ఎక్కినవాళ్లెవరినైనా అడగండి, రెండూ ఒకేలా కుదుపుతాయని ఎవరూ అనరు. కాబట్టి ఇంకో స్పెక్ చూడాల్సిందే.

స్పెక్ 2: సైజు

గాలి తాకిడి గోడలాగా ఒక్కసారిగా వచ్చి గుద్దదు. అది కొంత దూరంలో క్రమంగా పెరుగుతుంది. రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు వరకూ ఉండే వెడల్పు ఎక్కువైతే, ఆ తాకిడి రెక్క మొత్తం మీద పరుచుకోవడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది. ఈలోపు విమానం కూడా గాలితో పాటే కాస్త కదలడం మొదలుపెడుతుంది. దాంతో కుదుపు మొన విరిగిపోతుంది.

ఏ320 రెక్క సగటు వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు. ఏ350, 777 రెక్కలది ఏడు మీటర్లకి దగ్గర. ఏ380ది పది మీటర్లు దాటుతుంది. చిన్న చిన్న గాలి సుడులు ఏ380 రెక్క కింద ఒకదాన్నొకటి క్యాన్సిల్ చేసుకుంటాయి. చిన్న పడవ ఊగే అలల మీద పెద్ద ఓడ నిమ్మళంగా పోవడం విశాఖ బీచ్‌లో నిలబడి చూసినవాళ్లకి తెలిసిన సంగతే.

అందుకే ఒకే గాలిలోంచి వెళ్లిన చిన్న విమానం పైలట్ "సివియర్" అని రిపోర్ట్ చేస్తే, వెనకాలే వచ్చిన పెద్ద విమానం పైలట్ "మోడరేట్" అనొచ్చు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఈ గందరగోళం వద్దనే ఇప్పుడు విమానంతో సంబంధం లేకుండా గాలి కల్లోలాన్నే నేరుగా కొలిచే ఈడీఆర్ అనే స్కేల్ వాడుతున్నారు.

ఈ రౌండ్ ఏ380కే.

స్పెక్ 3: వంగే రెక్కలు

787 కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు రెక్క విల్లులా పైకి వంగి ఉండటం చూసి భయపడుతుంటారు. అది ఫీచర్, బగ్ కాదు. 787లో బరువు ప్రకారం సగం, ఏ350లో 53 శాతం కాంపోజిట్ మెటీరియల్. రెక్కలు కార్బన్ ఫైబర్‌వి. వెనక్కి వాలి ఉన్న రెక్క పైకి వంగినప్పుడు దాని చివర కొద్దిగా మెలి తిరిగి, అక్కడ గాలి తాకే కోణం తగ్గుతుంది. అంటే ఎక్కువ లిఫ్ట్ వచ్చినప్పుడు రెక్క తనంతట తానే కొంత వదిలేస్తుంది. ప్రాసెసర్ లేదు, కోడ్ లేదు, ఉత్త ఫిజిక్స్.

కార్బన్ ఫైబర్ మాత్రమే వంగుతుంది, అల్యూమినియం వంగదు అనుకోకండి. 1995 జనవరిలో బోయింగ్ 777 అల్యూమినియం రెక్కని హ్యాంగర్‌లో కావాలని విరిగేదాకా వంచింది. సర్వీసులో ఎదురవుతుందని లెక్కేసిన గరిష్ఠ లోడ్‌కి ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం తట్టుకుంటే పాస్. అది 154 శాతం దగ్గర విరిగింది. అప్పటికి రెక్క చివర ఏడు మీటర్లకి పైగా పైకి లేచి ఉంది. 787 కూడా 2010 మార్చిలో 150 శాతం టెస్ట్ పాసైంది. దాని రెక్క చివర సుమారు ఏడున్నర మీటర్లు పైకి వంగింది.

కాబట్టి కుదుపుల్లో రెక్క ఊడిపోతుందేమో అన్న భయం ఉంటే పక్కన పెట్టేయండి. మనుషులకి దెబ్బలు తగిలేది రెక్క వల్ల కాదు. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

స్పెక్ 4: సాఫ్ట్‌వేర్

మన సైట్ రీడర్స్‌కి బాగా నచ్చే రౌండ్ ఇదే. ఫోన్ కెమెరాలో ఓఐఎస్ ఏం చేస్తుంది? చేయి వణికితే జైరోస్కోప్ పట్టుకుని, లెన్స్‌ని ఆ వణుకుకి వ్యతిరేక దిశలో జరుపుతుంది. విమానాల్లోనూ ఇలాంటిదే ఉంది.

ఇది నిన్నా మొన్నా వచ్చిన ఐడియా కాదు. లాక్‌హీడ్ ఎల్-1011-500 విమానంలో 1980ల మొదట్లోనే యాక్టివ్ ఐలరాన్లు వచ్చాయి. గాలి తాకిడికి రెక్క మీద లోడ్ పెరిగితే ఐలరాన్లు వాటంతటవే కదిలి లోడ్ తగ్గించేవి. అప్పట్లో అసలు టార్గెట్ రెక్క మీద భారం తగ్గించడం.

777లో ఉన్నది ఇంకో రకం. తోక నిలువు రెక్క మీద ప్రెషర్ సెన్సర్లు ఉంటాయి. పక్క నుంచి వచ్చే గాలిని పట్టుకుని, విమానం తోక చేపలా అటూ ఇటూ ఊగకుండా చూస్తాయి. అంత పొడవు విమానంలో వెనక వరసల్లో కూర్చునేవాళ్లకి ఇది పెద్ద రిలీఫ్. కానీ ఇది పక్కలకి ఊగడాన్ని తగ్గించే సిస్టమ్. పైకీ కిందికీ వచ్చే కుదుపుల కోసం కాదు.

787తో బోయింగ్ ఆ పని కూడా మొదలుపెట్టింది. విమానం ముందు భాగంలోని సెన్సర్లు గాలిలో మార్పుని పసిగడతాయి. ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లు వెంటనే రెక్కల మీదున్న కంట్రోల్ సర్ఫేస్‌లని కదిపి ఆ తాకిడిని కొంత క్యాన్సిల్ చేస్తాయి. బోయింగ్ దీన్ని ప్రయాణికుల సౌకర్యం కోసం పెట్టిన ఫీచర్‌గానే ప్రచారం చేసింది. ఏ350లోనూ ఇదే పద్ధతి. ముక్కు దగ్గర సెన్సర్లు గాలిని పసిగడితే, రెక్కల మీది సర్ఫేస్‌లు స్పందిస్తాయి.

చిన్న, మధ్యరకం కుదుపులకి ఇది బాగా పనిచేస్తుంది. ఈ రౌండ్‌లో 787, ఏ350 రెండూ విన్నర్లే.

అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. సెన్సర్ ముక్కు దగ్గర ఉంది. రెక్క మొదలయ్యేది దానికి సుమారు 20, 25 మీటర్ల వెనక. విమానం సెకనుకి 250 మీటర్లు పోతోంది. అంటే ముక్కుని తాకిన గాలి రెక్కని చేరడానికి పట్టే టైమ్ ఎంత? సెకనులో పదో వంతు. అంటే 100 మిల్లీసెకన్లు. గేమింగ్‌లో పింగ్ 100 దాటితే మనం తిట్టుకుంటాం. ఇక్కడ సెన్సర్ చదవాలి, కంప్యూటర్ లెక్కేయాలి, హైడ్రాలిక్స్ కదలాలి, రెక్క మీద ఎఫెక్ట్ కనిపించాలి... అంతా ఆ 100 మిల్లీసెకన్లలోనే. పైగా ఆ సర్ఫేస్‌లు కదలగలిగే మేర కూడా పరిమితమే. ఓఐఎస్ చేతి వణుకుని ఆపుతుంది కానీ ఫోన్ చేతిలోంచి జారి పడితే ఏం చేయగలదు? ఇదీ అంతే.

బెంచ్‌మార్క్ ఒకటి, రియల్ లైఫ్ ఇంకొకటి

ఇప్పటిదాకా చూసిన దాన్ని బట్టి 777కి బరువు, ఏ380కి సైజు, 787కి, ఏ350కి సాఫ్ట్‌వేర్ ప్లస్ పాయింట్లు. మరి వీటిలో ఏదైనా ఒకటి సివియర్ టర్బులెన్స్‌కి ప్రూఫ్ అని చెప్పగలమా? ఈ లిస్ట్ చూడండి.

• 2023 మే: ఢిల్లీ నుంచి సిడ్నీ వెళ్తున్న ఎయిర్ ఇండియా 787. ఏడుగురు ప్రయాణికులకి గాయాలు.
• 2023 డిసెంబర్: పెర్త్ నుంచి దుబాయ్ వెళ్తున్న ఎమిరేట్స్ ఏ380. 14 మందికి గాయాలు.
• 2024 మే: దోహా నుంచి డబ్లిన్ వెళ్తున్న ఖతార్ ఎయిర్‌వేస్ 787-9. టర్కీ మీద కుదుపులు. 12 మందికి గాయాలు.
• 2024 జులై: మాడ్రిడ్ నుంచి మాంటెవీడియో వెళ్తున్న ఎయిర్ యూరోపా 787-9. పదుల మందికి గాయాలు. విమానాన్ని బ్రెజిల్‌లోని నటాల్‌కి మళ్లించారు.
• 2025 జులై: సాల్ట్ లేక్ సిటీ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్న డెల్టా ఏ330-900. 25 మందిని మినియాపొలిస్‌లో ఆస్పత్రులకి తరలించారు.

అతి పెద్ద విమానం ఉంది, కుదుపులు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉన్న విమానం ఉంది, కొత్త జనరేషన్ విమానం ఉంది. ఏదీ మినహాయింపు కాదు. వింగ్ లోడింగ్‌లో టాపర్ అయిన 777-300ఈఆర్ సంగతి ఏంటంటారా? దాని కథ వివరంగా చెప్పుకోవాల్సిందే.

ఎస్‌క్యూ321: ఎనిమిది సెకన్ల కథ

2024 మే 21. లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 777-300ఈఆర్. లోపల 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది. మయన్మార్ మీద 37,000 అడుగుల ఎత్తులో ఉంది. సింగపూర్ దర్యాప్తు సంస్థ విమానం రికార్డర్ల నుంచి తీసి విడుదల చేసిన వివరాలు చూస్తే, ఒక్కో లైను సర్వర్ క్రాష్ అయ్యాక చదివే లాగ్‌లా ఉంటుంది.

విమానం అప్పుడప్పుడే పెరుగుతున్న మేఘాల మీదుగా వెళ్తూ ఉండొచ్చని అంచనా. మొదట సన్నగా కుదుపు మొదలైంది. అదే సమయంలో ఎవరూ ఏమీ చేయకుండానే విమానం పైకి లేచి 37,362 అడుగులకి చేరింది. ఆటోపైలట్ దాన్ని 37,000కి తీసుకురావాలని ముక్కు కిందికి దించింది. వేగం పెరిగింది. పైలట్లు స్పీడ్ బ్రేకులు తెరిచారు. ఇదంతా సాగుతుండగానే సీట్ బెల్ట్ సైన్ వేశామని ఒక పైలట్ అనడం రికార్డయింది.

ఆ మాట అన్న ఎనిమిది సెకన్లకి, ప్లస్ 1.35 జీ నుంచి మైనస్ 1.5 జీకి పడిపోయింది. పట్టిన టైమ్ 0.6 సెకన్లు. ఫోన్ అన్‌లాక్ చేసి హోమ్ స్క్రీన్ చూసేంత సేపు కూడా కాదు.

మైనస్ 1.5 జీ అంటే ఏంటి? 70 కిలోల మనిషి బెల్ట్ లేకుండా ఉంటే, అతన్ని 105 కిలోల బరువుతో సమానమైన బలం సీలింగ్ వైపు విసురుతుంది. తర్వాత నాలుగు సెకన్లలో మళ్లీ ప్లస్ 1.5 జీ. అంటే సీలింగ్‌కి తగిలిన మనిషి అంతే గట్టిగా కింద పడతాడు. మొత్తం 4.6 సెకన్లలో విమానం 178 అడుగులు, అంటే 54 మీటర్లు కిందికి వెళ్లింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు. పదుల మంది గాయపడ్డారు. విమానం బ్యాంకాక్‌లో సేఫ్‌గానే దిగింది. రెక్కలకి ఏమీ కాలేదు, ఇంజిన్లకి ఏమీ కాలేదు. దెబ్బలన్నీ లోపల ఉన్న మనుషులకే.

ఎనిమిది సెకన్లలో ఎవరెవరు సీట్‌కి వెళ్లి బెల్ట్ పెట్టుకోగలరు? నిద్రలో ఉన్నవాళ్లు? టాయిలెట్‌లో ఉన్నవాళ్లు? ట్రాలీ తోస్తున్న సిబ్బంది? అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2009 నుంచి 2018 వరకూ జరిగిన ఎయిర్‌లైన్ ప్రమాదాలని పరిశీలిస్తే, మూడో వంతుకి పైగా టర్బులెన్స్‌వే అని తేలింది. వాటిలో ఎక్కువగా గాయపడింది క్యాబిన్ సిబ్బంది. ఎందుకంటే డ్యూటీలో నిలబడి ఉండేది వాళ్లే. తీవ్రంగా గాయపడ్డ ప్రయాణికుల్లో ఎక్కువమంది బెల్ట్ పెట్టుకోనివాళ్లు.

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన ఆ నంబర్ సంగతికి వద్దాం. కుదుపుల విషయంలో అసలైన స్పెక్ టన్నుల్లో లేదు, చదరపు మీటర్లలో లేదు. ఎన్ని సెకన్ల ముందు తెలుస్తుంది అన్నదే అసలు స్పెక్. 787 ముక్కు సెన్సర్‌కి 0.1 సెకను. ఎస్‌క్యూ321 ప్రయాణికులకి 8 సెకన్లు.

ఆ నంబర్‌ని పెంచే ప్రయత్నాలు

విమానం ముక్కులో ఉండే వెదర్ రాడార్ నీటి బిందువులని చూస్తుంది. వానమేఘం ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది. కానీ మేఘం లేని చోట వచ్చే కుదుపులు, అంటే క్లియర్ ఎయిర్ టర్బులెన్స్, రాడార్‌కి దొరకవు. జెట్ స్ట్రీమ్ అంచుల్లో వచ్చేవి ఎక్కువగా ఇవే. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ప్రచురించిన స్టడీ ప్రకారం, ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సాధారణ పాయింట్ దగ్గర సివియర్ రకం ఏడాదికి 1979లో 17.7 గంటలు ఉంటే, 2020కి 27.4 గంటలైంది. అంటే 55 శాతం పెరుగుదల. వేడెక్కుతున్న వాతావరణం జెట్ స్ట్రీమ్‌లో గాలివేగాల తేడాలని పెంచుతోందనేది వాళ్ల వివరణ. యూరప్ మీదుగా అమెరికా వెళ్లే మనవాళ్ల విమానాలు దాటాల్సింది ఆ ఉత్తర అట్లాంటిక్‌నే.

దీనికి రెండు రకాల సొల్యూషన్లు నడుస్తున్నాయి.

ఒకటి లైడార్. ఐఫోన్ ప్రో మోడల్స్‌లో ఉన్నదానికి పెద్దన్న లాంటిది. లేజర్‌ని ముందుకి వదిలి, గాలిలోని అతి సన్నని ధూళి కణాల నుంచి తిరిగొచ్చే కాంతిని బట్టి గాలి కదలికని కొలుస్తుంది. మేఘం అక్కర్లేదు. జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా తయారుచేసిన ఈ సిస్టమ్‌ని బోయింగ్ 2018లో ఒక 777 కార్గో విమానం మీద టెస్ట్ చేసింది. దాని రేంజ్ సుమారు 17 కిలోమీటర్లు. 250 మీటర్ల వేగంతో భాగించండి. దాదాపు 70 సెకన్లు! ట్రాలీ లాక్ చేసి, సిబ్బంది కూర్చుని, మనం బెల్ట్ బిగించుకోవడానికి అది చాలు.

రెండోది డేటా షేరింగ్. గూగుల్ మ్యాప్స్‌లో ముందు వెళ్లిన వాళ్ల ఫోన్ల వల్లే కదా మనకి ట్రాఫిక్ తెలిసేది? అదే పద్ధతిలో విమానాలు తమ ఈడీఆర్ రీడింగ్స్‌ని ఆటోమేటిక్‌గా పంపిస్తే, వెనకాల వచ్చే విమానాలకి అవి కనిపిస్తాయి. విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ నడిపే టర్బులెన్స్ అవేర్ ఇలాంటి ప్లాట్‌ఫామే. ఇక్కడ వార్నింగ్ సెకన్లలో కాకుండా నిమిషాల్లో వస్తుంది. పైలట్‌కి ఎత్తు మార్చుకునే టైమ్ దొరుకుతుంది, లేదా కనీసం స్పీడ్ తగ్గించే టైమ్. 777లో మామూలు క్రూజ్ మాక్ 0.84 అయితే, కుదుపుల్లో మాక్ 0.82కి దించుతారు. స్పీడ్ బ్రేకర్ ముందు బండి స్లో చేసినట్టే.

ఎయిర్‌లైన్స్ కూడా కొన్ని రూల్స్ మార్చాయి. ఎస్‌క్యూ321 తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీట్ బెల్ట్ సైన్ ఉన్నప్పుడు వేడి డ్రింక్స్ ఇవ్వడం ఆపింది. కొరియన్ ఎయిర్ అయితే 2024 ఆగస్టు నుంచి లాంగ్ హాల్ ఎకానమీలో కప్ నూడుల్స్ ఇవ్వడమే మానేసింది, వేడి నీళ్లు ఒలికి ఒళ్లు కాలుతున్నాయని.

మరి సీట్ ఎక్కడ తీసుకోవాలి?

బీటెక్ చదివితే చాలు, ఇంట్లో టీవీ రిమోట్ నుంచి విమానం దాకా అన్నీ మనకే తెలుసనుకుంటారు. మా పిన్ని అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరే ముందు ఫోన్ చేసి, "నాన్నా, తక్కువ ఊగే సీటేదో కాస్త చూసి పెట్టు, మీ బాబాయికి అసలే నడుం నొప్పి" అంది. పిన్నికి చెప్పిందే మీకూ చెప్తున్నా.

రెక్కల దగ్గరి వరసలు తీసుకోండి. విమానం గరిమనాభి అక్కడే ఉంటుంది. తక్కెడ మధ్యలో కూర్చున్నట్టు. 777-300ఈఆర్ పొడవు దాదాపు 74 మీటర్లు. ముక్కు లేచి పడే ప్రతిసారీ చివరి వరసలు ఎక్కువ దూరం కదులుతాయి. దానికి తోడు అంత పొడవు బాడీ స్వయంగా కాస్త వంగుతుంది కూడా. 787, ఏ350లోనూ ఇదే రూల్.

పసిపిల్లలతో వెళ్తుంటే ఇంకో మాట. ఒళ్లో పడుకోబెట్టుకుని చేతులతో పట్టుకుంటే చాలదు. మైనస్ 1.5 జీలో పది కిలోల పిల్లాడిని 15 కిలోల బలం పైకి లాగుతుంది, అదీ 0.6 సెకన్లలో, మీరు నిద్రలో ఉండగా. ఇన్‌ఫాంట్ బెల్ట్ అడిగి తీసుకోండి. వీలైతే పిల్లాడికి విడిగా సీట్ కొని, విమానంలో వాడేందుకు అనుమతి ఉన్న చైల్డ్ సీట్ వాడటం ఇంకా మంచిది.

ఫోన్‌తో మీరే కొలవండి

ఎలాగూ ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌కి పెద్దగా పనేం ఉండదు. యాక్సిలరోమీటర్ మాత్రం ఫ్లైట్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి. ఫోన్‌ని ట్రే మీద వెల్లకిలా పెట్టి, యాక్సిలరేషన్ గ్రాఫ్ ఆన్ చేయండి. నిలువు యాక్సిస్ మీద 9.8 దగ్గర గీత కనిపిస్తుంది. అదే 1 జీ. అది 2 మేర పైకో కిందికో జరిగితే 0.2 జీ కుదుపు. భయపడే వాళ్లకి ఇది మంచి మందు. గుండె అదిరిన కుదుపు స్క్రీన్ మీద 0.2 అని కనిపిస్తే, రెక్క 2.5 జీ లెక్కతో డిజైన్ చేశారని గుర్తొస్తే, టెన్షన్ కాస్త తగ్గుతుంది. సైన్ వెలిగితే మాత్రం ఎక్స్‌పెరిమెంట్ ఆపి ఫోన్ జేబులో పెట్టేయండి. 200 గ్రాముల ఫోన్ గాల్లోకి లేస్తే ఎవరి తలకో తగులుతుంది.

వర్డిక్ట్

• రోజువారీ చిన్న కుదుపులకి: 787, ఏ350. సాఫ్ట్‌వేర్, వంగే రెక్కలు రెండూ కలిసి పనిచేస్తాయి. రేటు, టైమింగ్ ఒకేలా ఉంటే వీటినే ఎంచుకోండి.
• బరువుతో, సైజుతో నెట్టుకొచ్చే స్మూత్‌నెస్‌కి: ఏ380. మన రూట్‌లో దొరికితే అదృష్టం.
• 777-300ఈఆర్: మొదటి గంటల్లో నిండు బరువుతో నిలకడగా ఉంటుంది. వెనక వరసలు మాత్రం వద్దు.
• సివియర్ టర్బులెన్స్‌లో: విన్నర్ ఎవరూ లేరు.

చివరి లైన్ కోసమే ఈ ఆర్టికల్ అంతా. లైడార్ ప్రతి విమానంలోకి వచ్చేదాకా మనకి దొరికే వార్నింగ్ ఎనిమిది సెకన్లు కావొచ్చు, సున్నా కూడా కావొచ్చు. సైన్ ఆఫ్‌లో ఉన్నా, నిద్రపోతున్నా, దుప్పటి మీద కనిపించేలా బెల్ట్ వదులుగా పెట్టుకుని ఉంటే ఆ నంబర్ ఎంతైనా మీకు ఫరక్ పడదు. దుప్పటి పైన ఎందుకంటే, సైన్ వెలిగినప్పుడు బెల్ట్ చెక్ చేయడానికి ఎయిర్ హోస్టెస్ మిమ్మల్ని నిద్ర లేపక్కర్లేదు. ఆ నిమిషం మిగిలితే ఆమె కూడా తన సీట్‌లోకి వెళ్లి బెల్ట్ పెట్టుకుంటుంది.

ఈ సమ్మర్‌లో మీ అమ్మానాన్నలో, అత్తామామలో ఫ్లైట్ ఎక్కుతుంటే వాట్సాప్‌లో బోర్డింగ్ పాస్ పీడీఎఫ్‌తో పాటు ఈ ఒక్క ముక్క కూడా పంపండి.